కొత్త బండీ, నాట్ల బురదా

పికప్ బండి కొన్నది రెండువేల నాలుగులోనో ఐదులోనో. మాది దివిసీమలో మోపిదేవికి దిగువన ఉన్న ఊరు. అప్పటిదాకా మా ఇంట్లో ఇంజను ఉన్న వస్తువులంటే ఒక స్కూటరు, చేలో నీళ్ళు తోడే ఆయిలింజను, అంతే. ధాన్యం మిల్లుకు తోలాలన్నా, ఎరువులు తెచ్చుకోవాలన్నా ఎవరి ట్రాక్టరు ఖాళీగా ఉందా అని ఇల్లిల్లూ తిరిగి అడగాల్సి వచ్చేది. ఒకరిని అడగడమంటే నాకు ప్రాణం మీదికొచ్చినట్టు ఉంటుంది. ఆ జబ్బే నాచేత బండి కొనిపించిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

విజయవాడలో బండి తీసుకున్నాక నేరుగా ఇంటికి రాలేదు. పామర్రులో ఎడమకు తిప్పి గుడివాడ వెళ్ళాను. అక్కడ బాడీ కట్టే షెడ్డు ఒకటి ఉందని ముందే విచారించి పెట్టుకున్నాను. కంపెనీ ఇచ్చిన తొట్టి నాకు నచ్చలేదు. అడుగున గళ్ళ ఇనుప రేకు పరిపించాను. పక్క డోర్లు జానెడు ఎత్తు పెంచించాను. పట్టా కప్పుకోవడానికి పైన గొట్టాల చట్రం, తాళ్ళు బిగించడానికి కొక్కేలు, వెనక డోరు పూర్తిగా కిందికి వాలేలా గొలుసులు. నాలుగు రోజులు లాడ్జిలో పడుకుని, పగలంతా ఆ షెడ్డులో స్టూలు మీద కూర్చున్నాను. వెల్డింగు అతుకుల మీద చెయ్యి పెట్టి చూసి, గరుగ్గా ఉన్నచోటల్లా మళ్ళీ ఆకురాయి పట్టమనేవాణ్ణి. మేస్త్రి ఓర్పుగల మనిషి. నాలుగో రోజు మాత్రం, ఇందులో బస్తాలు వేస్తారా, దేవుణ్ణి ఊరేగిస్తారా అని అడిగాడు.

అక్కడి నుంచి బందరు. బందరులో ఒక పెయింటరు లారీల మీద పూలు, పక్షులు బాగా వేస్తాడని చెప్పారు. హంసలదీవికి దగ్గరివాళ్ళం కదా అని వెనక డోరు మీద జంట హంసలు వెయ్యమన్నాను. రెండు రోజులు దగ్గర కూర్చుని వేయించినా అవి బాతుల్లాగే వచ్చాయి. మెడలు ఇంకాస్త సాగదియ్యమంటే, ఇంతకన్నా సాగదీస్తే పాములవుతాయండీ అన్నాడు. సీట్లకు మెరూన్ రంగు రెగ్జిన్ కవర్లు, పాటలకు టేపు, చుట్టూ రేడియం గీతలు కూడా అక్కడే అయ్యాయి. ఇంటికి తెచ్చాక మా ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, తను కాపురానికొచ్చిన కొత్తలో తనకు ఇందులో సగం ముస్తాబు కూడా జరగలేదంది.

మోపిదేవిలో పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. దిష్టి తగలకుండా, తెగిపోయిన నా ఎడమకాలి చెప్పు ఒకటి ముందు బంపరు కింద కట్టాను. మా వైపు కొత్త బండికి పాత చెప్పు కట్టనివాళ్ళు లేరు. ఆ రోజుల్లో నా కాళ్ళు నేల మీద నిలవలేదు. పొద్దున్నే లేచి ముందు బండి తుడిచి, తరవాత పళ్ళు తోముకునేవాణ్ణి. కోళ్ళు బానెట్టు ఎక్కుతున్నాయని పక్కింటివాళ్ళతో గొడవ పెట్టుకున్నాను. యూరియా బస్తాల కింద కూడా పాత దుప్పటి పరిచేవాణ్ణి.

అలా నెల గడిచేసరికి వానాకాలపు సార్వా నాట్లు వచ్చాయి. మా దిగువ ఊళ్ళకు కాలువ నీళ్ళు ఎప్పుడూ ఆఖర్నే వస్తాయి. ఆ ఏడు మరీ ఆలస్యమై, నీళ్ళందేసరికి నారు అప్పటికే ఎదిగిపోయి ఉంది. ఇంకో పది రోజుల్లో నాటకపోతే ముదిరిపోతుంది, ముదిరిన నారు సరిగ్గా పిలకెయ్యదు, ఏడాది పంట దెబ్బతింటుంది. మా చేను ఊరికి మూడు కిలోమీటర్లు. మా ఆవిడ కాపురానికి వచ్చిన నాటి నుంచీ మా చేను నాటేది ఒకే ముఠా, పద్నాలుగు మంది ఆడవాళ్ళు. ఆ ముఠా పెద్దకు యాభై ఏళ్ళుంటాయి. ఏ రోజు రావాలో, ఎంతమంది రావాలో అన్నీ మా ఆవిడా ముఠా పెద్దా మాట్లాడుకునేవాళ్ళు. ఆ ఏడు నేనే కల్పించుకుని, నడిచి రానక్కర్లేదు, మా బండిలో తీసుకెళ్ళి తీసుకొస్తానని గొప్పగా చెప్పాను.

పొద్దున్న బాగానే ఎక్కారు. చట్రం గొట్టాలు పట్టుకుని నిలబడి, హంసల్ని చూసి నవ్వుకుంటూ వచ్చారు. సాయంత్రం పని అయ్యాక చేను పక్క బోదె కాలువలో కాళ్ళూ చేతులూ కడుక్కున్నారు. కానీ బోదె నుంచి రోడ్డుకు రావాలంటే గట్టు మీద నడవాలి. సన్నగా వాన పడుతోంది, గట్టంతా బంకమట్టి. రోడ్డెక్కేసరికి మళ్ళీ చీలమండల దాకా బురదే. నేను అప్పటికే వెనక డోరు దించి, పక్కన బకెట్టు నిండా నీళ్ళు, ఒక గోనెసంచి సిద్ధంగా పెట్టుకున్నాను. ఒక్కొక్కళ్ళే కడుక్కుని, సంచి మీద తుడుచుకుని ఎక్కమన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. పక్కనే నిలబడి వంగి వంగి చూశాను. ఇద్దరిని మడమ వెనక ఇంకా ఉందని దింపి మళ్ళీ కడిగించాను. ముఠా పెద్ద అందరికన్నా చివర ఎక్కింది. దారంతా ఎవరూ మాట్లాడలేదు. అలిసిపోయారనుకున్నాను.

మర్నాడు వాళ్ళు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పక్క ఊరి రైతు చేను నాటడానికి ఆయన ట్రాక్టరు తొట్టిలో వెళ్తున్నారని తెలిసింది. నాకు కోపం ముంచుకొచ్చింది. లోకంలో ఇదొక్కటే ముఠానా అని అవనిగడ్డ వైపూ నాగాయలంక వైపూ రెండు రోజులు తిరిగాను. నీళ్ళు దిగువ ఊళ్ళన్నిటికీ ఒకేసారి వచ్చాయి కాబట్టి ఖాళీగా ఉన్న చెయ్యి ఒక్కటీ దొరకలేదు. మా ఆవిడ నాతో వాదించలేదు. నాలుగో రోజు నారుమడి దగ్గర ఒక మొక్క పీకి నా చేతిలో పెట్టింది. కాడ గట్టిపడుతోంది.

"ఇరవై ఏళ్ళ నుంచి వాళ్ళని నేను పిలిచాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పిలవను? మీరే వెళ్ళి అడగండి," అంది.

ఆ సాయంత్రం వెళ్ళాను. ముఠా పెద్ద అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. లేచి కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. మీకు కాళ్ళు కడుక్కోమనడం అంత కష్టమనిపిస్తుందనుకోలేదు అన్నాను.

"కడుక్కోమన్నందుకు కాదండీ," అంది ఆవిడ, గొంతు పెంచకుండానే. "మా కాళ్ళు మేం రోజూ కడుక్కుంటాం. మీరు వంగి చూశారు బాబుగారూ. చిన్నపిల్లలున్నారు నా ముఠాలో, పెళ్ళి కావాల్సినవాళ్ళు. ఆ ఇద్దర్నీ దింపి మళ్ళీ కడిగించారు. ఆ మట్టి మీ చేలోదే కదండీ. మీ బండికి ముందేమో పాత చెప్పు కట్టారు, అది మంచిదే. మా కాళ్ళు మాత్రం పనికిరాలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పయిపోయిందమ్మా అనాలి. అది మానేసి, కొత్త బండి మోజులో ఏదో అలా జరిగిపోయిందని గొణిగాను. ఆవిడ తీసిన పిక్కలు ఒక పక్కకు తోసింది.

"నారు ఏం చేసిందండీ పాపం. ఎల్లుండి నుంచి వస్తాం, అమ్మగారితో చెప్పండి. బండి మాత్రం వద్దు. నడిచే వస్తాం."

అన్నమాట ప్రకారం వచ్చారు. తెల్లారకముందే బయల్దేరి మూడు కిలోమీటర్లూ నడిచి వచ్చేవాళ్ళు. నేను బండిలో నారుకట్టలు తోలాను. వాటి నుంచి కారిన బురదతో తొట్టి నిండిపోయింది, పక్క డోర్ల మీద చారలు కట్టింది. కడగాలని కూడా అనిపించలేదు. వాళ్ళు పని ఎప్పటిలాగే చేశారు. వరస ఎక్కడా వంకర పోలేదు, పల్చన కాలేదు. మా ఆవిడతో ఎప్పటిలాగే మాట్లాడారు. నాతో అడిగినదానికి జవాబు చెప్పారు, మర్యాదగానే.

మూడో రోజుకు నాటు పూర్తయింది. ఆ సాయంత్రం గట్టి వాన పట్టుకుంది. వాళ్ళు ముందే బయల్దేరారు. నేనూ మా ఆవిడా బండెక్కి కొంతదూరం వచ్చేసరికి రోడ్డు మీద కనబడ్డారు, నెత్తిన ప్లాస్టిక్ సంచులు కప్పుకుని వరసగా నడుస్తున్నారు. బండి ఆపి దిగాను. వెనక డోరు దించి, ఎక్కండమ్మా, తడిసిపోతున్నారు అన్నాను. ఈసారి నిజంగానే బతిమాలాను.

"పర్లేదండీ, మీరు వెళ్ళండి," అంది ముఠా పెద్ద. మా బండి వెళ్ళడానికి వీలుగా అందరూ పక్కకు జరిగి నిలబడ్డారు.

డోరు మూసి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాను. నేను గేరు వేస్తుంటే మా ఆవిడ, ఆగండి అంది. తలుపు తీసుకుని దిగి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుని వెళ్ళి వాళ్ళతో కలిసింది. ఒకావిడ తన ప్లాస్టిక్ సంచి కొంత ఇటు జరిపి మా ఆవిడ నెత్తి మీద కూడా కప్పింది. ఏదో మాట్లాడుకుంటూ నడక మొదలుపెట్టారు.

వాళ్ళు దారి ఇచ్చినా నేను దాటి వెళ్ళలేకపోయాను. చాలా సిగ్గేసింది. ఊరు ఇంకా రెండు కిలోమీటర్లుంది. అంత దూరమూ వాళ్ళ వెనకే, మొదటి గేరులో, ఒక్కణ్ణీ బండి నడుపుకుంటూ వచ్చాను.