ఉత్త గిన్నె

తొంభై రెండులో, బతుకమ్మ మొదలయ్యే ముందు రోజు, నన్ను కన్న అవ్వ అటుక మీది ఇత్తడి గిన్నె దించింది. చింతపండు, బూడిద వేసి తోమి, అరుగు మీద ఎండకు పెట్టి, "జర నడుము వాలుస్త బిడ్డా" అని లోపలికి పోయింది. మళ్ళీ లేవలేదు.

ఆ గిన్నె సరళాదేవి ఇంటి నుంచి వచ్చింది. అవ్వ పుట్టిన ఊళ్ళో ఆమె దొర బిడ్డ. మా అవ్వ బాలలక్ష్మి మగ్గం నేసేవాళ్ళ బిడ్డ. పెళ్ళిళ్ళయ్యేదాకా ఒకే వాకిట్లో బతుకమ్మ ఆడారు. తర్వాత ఆమె కరీంనగర్‌లో మేడకు, అవ్వ సిరిసిల్లలో మరమగ్గాల వాడకు. నేను పుట్టానని తెలిసి, సరళాదేవి జీతగాడి చేత ఈ గిన్నె నిండా ఎండుకొబ్బరి కుడుకలు, బెల్లం పంపింది.

మా దిక్కు, వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. గుప్పెడు బియ్యమైనా వేస్తారు. అన్నీ ఉన్న ఇంటికి ఏం వేసి పంపాలి? కంకులనుకుంది, వాళ్ళకు చేన్లే ఉన్నాయి. సకినాలనుకున్న ఏడాది ఇంట్లో నూనె లేదు. గిన్నె ఆగిపోయింది. దాంతో రాకపోకలూ ఆగాయి.

బాపుకు దగ్గు ముదిరినప్పుడు వాడంతా మాకు ఆసరా అయింది. సిద్దిరాములు మామ తన పని అయ్యాక బాపు మగ్గం కూడా నడిపాడు. పక్కింటి చంద్రవ్వ తన కుండలోని జొన్న గటకలో సగం తెచ్చేది. పెద్ద డాక్టరు మాత్రం మా వాడలో ఎవరికీ ఎరుక లేదు.

"దొరసాని నా దోస్తని చెప్పుకుంటవు. గామె మొగనికి పెద్ద డాక్టర్లందరు ఎరుకేనట. పోయి అడుగరాదే?" అంది చంద్రవ్వ.

"గిన్నే తిరిగియ్యనిదాన్ని. ఏం మొఖం పెట్టుకొని పోదునే అక్కా?"

"అబ్బో, మొగని కంటె గిన్నె ఎక్కువైందా!"

మరునాడు అవ్వ గిన్నె సంచిలో పెట్టుకొని బస్టాండు దాకా పోయింది. బస్సు ఎక్కకుండానే తిరిగొచ్చింది. బాపు ఆ చలికాలం దాటలేదు.

ఆ తర్వాతా ఏటా పండుగ ముందు గిన్నె తోమేది. "సరళ పాటెత్తుకుంటె నేనందుకునేదాన్ని. మా పచ్చిపులుసంటె పానమిచ్చేది. ఈయేడన్న పోవాలె" అనేది. తుడిచి, పాత చీర ముక్కలో చుట్టి తనే పైన పెట్టేది. నన్ను ముట్టనిచ్చేది కాదు.

"సొట్ట పడితె ఏం జెప్పాలె? కింద వాళ్ళ పేరున్నది."

అవ్వకు చదువు రాదు.

పదో దినం అయ్యాక, అరుగు మీద అట్లాగే ఉన్న గిన్నెను చుట్టి పెడదామని తీశాను. అడుగున చుక్కలతో చెక్కిన అక్షరాలు సగం అరిగి ఉన్నాయి.

'బాలలక్ష్మికి, సరళ.'