కూత ఆపని రూమ్మేట్

కెనడాలోని కాల్గరీలో చదువుకునే రోజులవి. ఊళ్లో కబడ్డీ ఆడిన నా రూమ్మేట్ శ్రీను ఇక్కడ రగ్బీ టీంలో చేరాడు. బుధవారం నాకౌట్ మ్యాచ్, ఓడితే కప్పు ఆశ వదులుకోవాల్సిందే.

చివర్లో వాడు బంతితో అవతలి జట్టు గీత వైపు దూసుకెళ్లాడు. ఏనుగుల్లాంటి నలుగురు మీద పడ్డారు. వాళ్లు లేచారు, వీడు లేవలేదు. కళ్లు మూసుకుని ఏదో గొణుగుతున్నాడు. రెఫరీ వంగి విని, "తలకి దెబ్బ తగిలింది, అంబులెన్స్!" అని అరిచాడు. వాళ్లమ్మకి ఏం చెప్పాలి? ప్రేక్షకుల్లోంచి పరుగున వెళ్లి వాడి నోటి దగ్గర చెవి పెట్టాను.

"కబడ్డీ... కబడ్డీ... కబడ్డీ..."

కూత ఆపితే ఔటనుకుంటున్నాడు!

"ఒరేయ్, ఇది రగ్బీరా! ఊపిరి పీల్చుకో!"

కళ్లు తెరిచాడు. "గీత ముట్టుకున్నానా మామా?"

ఆ మాట ఇంగ్లిష్‌లో చెప్పగానే అందరూ నవ్వారు. నేను గడ్డిలో కూలబడి ఏడ్చేశాను. ఇప్పటికీ కబడ్డీ మాట వినిపిస్తే, నా ఊపిరే ఆగుతుంది.