మూడు దొరరాళ్ళు

మా వీధి పెద్దరోడ్డులో కలిసే చోట రోడ్డు వెడల్పు చేస్తున్నారు. పొద్దున్నే తారు కాగే వాసన కిటికీలోంచి వచ్చి చేతిలో కాఫీ వాసనను కూడా మింగేస్తోంది. పోయినవారం ఆ పనివాళ్ళే, నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అక్కడ నిలబడి ఉన్న పాత రాయిని క్రేనుతో లేపి లారీలో పడేసి తీసుకుపోయారు. దాని పేరు దొరరాయి.

మనిషి నడుం దాటి ఉండే ఆ రాతి మీద ఇంగ్లీషు అక్షరాలేవో ఉండేవి గానీ, వానలకీ, ఏటా దసరా ముందు మా తెనాలి శివారు జనం వేసే సున్నానికీ అవి అరిగి, పూడిపోయి ఒక్కటీ తెలిసేది కాదు. కాలవ తవ్వించిన దొర పాతించాడని కొందరు, గుర్రం మీంచి పడి దొర అక్కడే పోయాడని కొందరు అనేవాళ్ళు. ఆయన పేరేంటో ఎవరికీ తెలీదు, అయినా సున్నం ఆరాక బొట్టు మాత్రం పెట్టేవాళ్ళు. తమాషా ఏంటంటే, దొరరాయి మా ఒక్కళ్ళ సొత్తు కాదు. రేపల్లెలో కాలవ లాకుల దగ్గర ఒకటి, బాపట్లలో సముద్రానికి పోయే దారిలో ఒకటి ఉండేవి, వాటి పేరూ అదే. అసలు దొర తమవాడేననీ, మాది ఉత్త మైలురాయేననీ మా రేపల్లె మావయ్య ఏడిపించేవాడు. గుంటూరు నుంచి మా ఇంటికి రావలసిన చుట్టాలు ఎవరినో దొరరాయి ఎక్కడని అడిగి, తెనాలిలో దిగకుండా రేపల్లె దాకా పోయి, బుట్టలో చక్కెరకేళీలు నల్లబడ్డాక ఉసూరుమంటూ వెనక్కొచ్చేవాళ్ళు.

చిన్నప్పుడు మాకు అది దాగుడుమూతల్లో దొంగ కళ్ళు మూసుకునే చోటు. వేసవిలో ముంజల బండి దాని పక్కనే ఆగేది, బొటనవేలితో పొడిచి ముంజలు జుర్రుకుని చేతులు ఆ రాతికే తుడిచేవాళ్ళం. పెద్దవాళ్ళకి మాత్రం అది హద్దు. ఊరెళ్ళేవాళ్ళని దొరరాయి దాకా సాగనంపి అక్కడ ఆగిపోవాలి, మనిషి రాయి దాటాక వెనక్కి పిలవకూడదు. గొడుగు మర్చిపోయినా అంతే, ఎవరో ఒకరు పరిగెత్తుకెళ్ళి నోరెత్తకుండా చేతిలో పెట్టి రావలసిందే. ఈ విషయంలో మా నానమ్మ దేవుడు దిగొచ్చి చెప్పినా వినేది కాదు.

మా మేనత్త సుశీల, చీరాల నుంచి వచ్చి బాపట్లలో బట్టల కొట్టు పెట్టుకున్న నేతవాళ్ళబ్బాయిని చేసుకుంటానంది. మనవాళ్ళు కాదు, వీల్లేదంది నానమ్మ. ఇద్దరిదీ ఉడుంపట్టే. చివరికి అత్త ఒక మధ్యాహ్నం పెట్టె సర్దుకుని బయల్దేరింది. కోపం కోపమే, పద్ధతి పద్ధతే కాబట్టి నానమ్మ ఆమె వెనకే రాయి దాకా నడిచింది, కొంగు పట్టుకుని నేనూ వెళ్ళాను. అత్త రాయి దాటింది. నానమ్మ పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. అత్త మలుపు తిరిగి కనబడకుండా పోయాక, "పదవే, పొయ్యి మీద పప్పు మాడిపోద్ది" అంది.

ఆ తర్వాత ఎవరెంత చెప్పినా ఒకటే మాట, "రాయి దాటినదాన్ని ఎట్టా పిలవమంటారు?" అని. పంతానికి పద్ధతిని అడ్డం పెట్టుకుందని ఇంట్లో అందరికీ తెలుసు. పిలవాలని ప్రాణం కొట్టుకుంటోందనీ తెలుసు.

మళ్ళీ ఆవకాయల కాలం వచ్చి, ఇల్లంతా ఆవపిండి ఘాటుతో, నువ్వులనూనె వాసనతో నిండిపోయింది. అత్తకిష్టమైన మెంతికాయ చిన్న జాడీలో వేరే పెట్టి, ఎవరికని అడిగితే నానమ్మ కసిరేది. ఆ రోజుల్లోనే నాన్న పనిమీద బాపట్ల వెళ్ళొచ్చి, అన్నం కలుపుకుంటూ మాటవరసకి అన్నాడు.

"చెల్లాయి ఇల్లు అక్కడి దొరరాయికి కాస్త ఇవతలేనమ్మా."

నానమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఇవతలా? సరిగ్గా చూశావా?"

"ఇవతలేనమ్మా."

"అయితే అది దొరరాయి దాటలేదన్నమాట."

మర్నాడు పాసింజరు బండిలో బాపట్ల వెళ్ళాం. చుండూరు పొలాల మీంచి వడగాలి కొడుతుంటే నానమ్మ జాడీని ఒళ్ళోంచి దించలేదు. స్టేషను దగ్గర రిక్షా ఎక్కి, అత్త ఇంటి ముందు ఆపనివ్వకుండా నేరుగా రాయి దగ్గరికే పోనిమ్మంది. దిగి, రాయిని చూసి, అత్త ఇంటిని చూసి, రాయికి ఇవతల కాళ్ళు ఊన్చుకుని, వీధంతా వినబడేటట్టు "ఒసేయ్ సుశీలా!" అని పిలిచింది.

అత్త తడిచేతులతో గుమ్మంలోకి వచ్చి అలాగే నిలబడిపోయింది.

"ఏంటే అట్టా చూస్తావు? జాడీ అందుకో, చేతులు లాగేస్తన్నాయి."

నాకు ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. తెనాలి రాయి దాటిన దోషం బాపట్ల రాయి దగ్గర ఎలా పోయిందని అడిగే ధైర్యం మాత్రం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఇప్పుడు నానమ్మ లేదు. రేపల్లె లాకుల దగ్గర రాయిని ఏదో కొట్టు గోడలో కలిపేశారట, బాపట్లది ఎప్పుడు పోయిందో అత్తకే గుర్తు లేదు. అత్త మొన్న వచ్చి నాలుగు రోజులుండి, ఇవాళ తిరుగు ప్రయాణమైంది. ఇద్దరం ఆటోలో వెళ్తుంటే, రాయి ఉన్న చోట కంకర పోసిన గొయ్యి దగ్గర కాస్త ఆపమంది.

"ఆ రోజు మలుపు తిరిగాక బస్సొస్తే ఎక్కలేదే నేను. అమ్మ పిలుస్తదని నిలబడ్డా. పిలిచుంటే వెనక్కొచ్చేసేదాన్ని."

సాగనంపేటప్పుడు ఎప్పుడూ నేను రాయి దగ్గరే దిగిపోయేదాన్ని, ఇవాళ ఎక్కడ ఆగాలో తెలియక బస్టాండు దాకా వెళ్ళాను. బస్సు కదిలాక "అత్తా!" అని గట్టిగా పిలిచాను. తప్పని చెప్పేవాళ్ళెవరూ లేరు. అత్తకి వినబడలేదు.