నా తలకు తీగలు అంటించిన మేడమ్ గారు

మా మేడమ్ గారు మొన్న పొద్దున కొవ్వూరులో వాళ్లింట్లోనే కన్నుమూశారు. అమ్మ ఫోన్ చేసి, "గుండె ఆగిపోయిందంట. వెళ్దామా అమ్మా?" అని మాత్రం అంది.

ఆవిడ రాజమండ్రిలో పిల్లలకు మానసిక వైద్యం చేసేవారు. నేను ఆవిడ దగ్గరికి వెళ్లేనాటికి నాకు పదిహేనేళ్లు. అంతకు నాలుగు నెలల ముందు, భీమవరం దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీద మా బాబాయి మా నాన్నను కత్తితో నరికాడు. గట్టు ఎవరిదన్న తగాదా. నాన్నకు క్యారేజీ తీసుకెళ్లిన నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. మొదటి వేటు మెడ మీద పడింది. మూడో వేటుకి నాన్న నీళ్లలోకి ఒరిగారు.

ఆ తర్వాత ఎవరు వెనకనుంచి వచ్చినా కొట్టేదాన్ని. స్కూల్లో ఒకమ్మాయి భుజం మీద చెయ్యి వేస్తే స్టీలు బాటిల్‌తో పళ్లు రాలగొట్టాను. అమ్మను రక్తం వచ్చేలా కరిచాను.

మేడమ్ గారు మాటలు, మందులతోపాటు న్యూరోఫీడ్‌బ్యాక్ అనేది మొదలుపెట్టారు. తలకు జిగురు రాసి తీగలు అంటించేవారు. ఎదురుగా కంప్యూటర్ తెర మీద ఓ పడవ. మెదడు కాస్త కుదుటపడితే అది కదులుతుంది, రేగితే ఆగిపోతుంది. "ఇది నిన్ను బాగుచేసే మిషను కాదమ్మా. లోపల ఏం జరుగుతుందో చూపిస్తుందంతే. నడపాల్సింది నువ్వే" అనేవారు. అయ్యాక ఆ జిగురంతా గోరువెచ్చని నీళ్లతో తనే కడిగి, జడ వేసి పంపేవారు.

మూడో రోజు కిటికీ బయట ఎవరో కొబ్బరిబోండాం నరికారు. ఆ చప్పుడుకి తీగలు పీకేసి, బల్ల మీది కత్తెరతో ఆవిడ ముంజేతిలో పొడిచాను. రక్తం చూసి బల్ల కింద దూరాను. ఆవిడ చేతికి తువ్వాలు చుట్టుకుంటూ వంగి చూశారు.

"చచ్చిపోతారా మేడమ్?"

"నాలుగు కుట్లు పడతాయంతే. ముందు నువ్వు ఊపిరి తీసుకో."

అమ్మ ఏడుస్తూ కాళ్ల మీద పడబోయింది. "లేవండి. కత్తెర అక్కడ వదిలెయ్యడం నా తప్పండి. రేపు ఇదే టైముకి తీసుకురండి" అన్నారు.

మర్నాడు కట్టు ఉన్న చేత్తోనే తీగలు అంటించారు. పడవ కదలడానికి మరో మూడు వారాలు పట్టింది. ఈ వైద్యం అందరికీ పనిచేస్తుందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం చెయ్యి లేవడానికి ముందు ఒక్క క్షణం దొరకడం మొదలైంది. ఆ క్షణాన్ని పట్టుకునే, రెండేళ్ల తర్వాత కోర్టులో బాబాయికి ఎదురుగా నిలబడి, చూసింది చూసినట్టు చెప్పాను. అతనికి యావజ్జీవం పడింది.

నిన్న మేడమ్ గారిని శ్మశానానికి తీసుకెళ్లేటప్పుడు డప్పులు ఒక్కసారిగా మోగాయి. స్కూలు యూనిఫాంలో ఉన్న ఓ అమ్మాయి చెవులు మూసుకుని గోడవారగా కూలబడింది. ఆమె మెడ నిండా కాలిన మచ్చలు. ఆమెకు కనబడేలా ముందుకెళ్లి, "నేనూ మేడమ్ గారి పేషెంటునే" అన్నాను. ఆ అమ్మాయి నా చున్నీ కొస గుప్పిట్లో బిగించింది. డప్పులు గోదావరి గట్టెక్కి, వినబడనంత దూరం వెళ్లేదాకా వదల్లేదు.