రెండు వైపులా అదే

నా చిన్నప్పుడు కాలాన్ని కొలిచే పని నాకు ఎవరూ అప్పగించలేదు. అది నేనే తీసుకున్నాను. రంగూనులోని పబేడాన్ బజారు వీధిలో మా మావయ్యకు క్యాసెట్లకు నకళ్లు తీసే దుకాణం ఉండేది. దుకాణమంటే ఒక బల్ల, రెండు టేపు డెక్కులు, ఒక గోడ గడియారం, వెనక సందులోకి దిగే ఇరుకు మెట్లు, అంతే. ఒక డెక్కులో అసలు క్యాసెట్టు తిరుగుతూ ఉంటే రెండోదానిలో ఖాళీ క్యాసెట్టు నిండేది. పాట ఎంతసేపో నకలూ అంతసేపే. ఆ సమయమంతా నేను సెకన్ల ముల్లును చూస్తూ కూర్చుని, ఏ పాట ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లో క్యాసెట్టు డబ్బాలోని అట్టముక్క మీద సిరాతో రాసేదాన్ని. కొనేవాళ్లకు ఆ లెక్కతో పని లేదు. నాకు మాత్రం అది లేని అట్ట బొత్తాం ఊడిన చొక్కాలా కనిపించేది.

మా ముత్తాత విశాఖ తీరం నుంచి అహ్లోన్ బియ్యం మిల్లుల్లో బస్తాలు మోయడానికి వచ్చినవాడు. మూడో తరానికి వచ్చేసరికి ఆయన మనవడు మోసే సరుకు పాటలయ్యాయి. దేశం తలుపులన్నీ మూసుకుని కూర్చున్న కాలం అది. బయటి పాట రంగూనుకు చేరాలంటే ఓడలో, ఎవరి పెట్టెలోనో, బట్టల మడతల మధ్యన రావాలి. మావయ్యకు తెలిసిన ఒక సరంగు నాలుగైదు నెలలకొకసారి రేవులో దిగి రెండో మూడో క్యాసెట్లు ఇచ్చి వెళ్లేవాడు. అలా వచ్చినవాటిలో ఒక అమెరికా బృందానివి అన్నిటికంటె ఎక్కువగా నకళ్లయ్యాయి. కాలిఫోర్నియాకు చెందిన నలుగురు కుర్రాళ్లు; థ్రాష్ మెటల్ అంటారట ఆ వాయింపును. డ్రమ్ముల మీద రాళ్లవాన కురుస్తున్నట్టుండేది. పాడేవాడు పాడుతున్నాడో, ఎవరినైనా తిడుతున్నాడో నాకు తెలిసేది కాదు. జుట్టు పెంచుకున్న కాలేజీ అబ్బాయిలు ఆ క్యాసెట్టు కోసం బల్ల ముందు వరుస కట్టేవారు.

ఆ బృందం కథంతా మావయ్యకు కంఠతా వచ్చు. తొలి రికార్డుకు ఎవరూ పెట్టుబడి పెట్టకపోతే తాము దాచుకున్నదీ ఇంట్లో అడిగి తెచ్చుకున్నదీ కలిపి చేసుకున్నారని చెప్పేవాడు. మూడో రికార్డు వచ్చేసరికి పది పాటలనూ ఇరవై తొమ్మిది నిమిషాలలో ముగించేశారు. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక్క వైపు చాలు. అందుకని అసలు క్యాసెట్టులోనే రెండో వైపున కూడా అవే పది పాటలను మళ్లీ పెట్టారు. మావయ్య తన నకళ్లన్నిటి మీదా బర్మా లిపిలో "రెండు వైపులా అదే" అని రాసేవాడు. నాకు పదకొండేళ్లు వచ్చిన యేడు నాలుగో రికార్డు వచ్చింది. అందులో వాళ్లు వేగం తగ్గించారు. కుర్రాళ్లు పెదవి విరిచారు. మావయ్య నవ్వి, "అంతకన్నా జోరుగా ఇంకెవుడూ వాయించలేడని ఆళ్లకి తెలుసమ్మీ. అందుకే నిమ్మళించారు. నిమ్మళంగా వాయించడానికే ఎక్కువ గుండె కావాల" అన్నాడు. నాకు అది వ్యాపారస్తుడి సర్దుబాటులా తోచింది.

ఆ యేడు ఎనభై ఎనిమిది. ఆగస్టులో ఊరంతా ప్రభుత్వం మీద తిరగబడి వీధుల్లోకి వచ్చింది. సెప్టెంబరులో సైన్యం వచ్చింది. లమ్మడా పేటలో మా గదుల వరుసలోనే ఉండే పక్కింటి అక్క విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదువుతూ ఉండేది. అది మూతపడింది. ఆమెతో ఊరేగింపులకు వెళ్లినవాళ్లలో కొందరు ఇళ్లకు తిరిగి రాలేదు. వాళ్ల పేర్లను అక్క ఒక్కొక్కటిగా సేకరించింది. తల్లిదండ్రుల పేరు, వీధి పేరు, చివరిసారి ఎవరు ఎక్కడ చూశారో, అన్నీ. కాగితం దొరికితే కాల్చేస్తారు, గొంతైతే ఓడెక్కి సముద్రం దాటుతుందని ఆమె నమ్మకం. సరంగు మర్నాడు బయలుదేరుతున్నాడు.

అక్టోబరు నెలాఖరు, బుధవారం, మధ్యాహ్నం దాటింది. బర్మావాళ్ల లెక్కలో బుధవారం మధ్యాహ్నం నుంచి వేరే వారం. దానికి రాహువు అధిపతి. ఈ సంగతి నా దినచర్య పుస్తకంలో ఆ రోజు పేజీ పైననే ఉంది. మావయ్య ఆ ఇరవై తొమ్మిది నిమిషాల నకలు ఒకటి తీసి, రెండో వైపున పాటలు చెరిగేలా అక్క గొంతును ఎక్కించాడు. రెండు వైపులా అదేనని రాసి ఉన్న క్యాసెట్టును తిప్పి వినేవాడు ఎవడూ ఉండడని ఆయన ఆలోచన. అక్క తడబడకుండా చదివింది. చివరి పేరు దగ్గర మాత్రం ఒకసారి ఆగింది. నేను గడియారం చూశాను. ఇరవై ఒక్క నిమిషాల ముప్పై సెకన్లు. అలవాటు ప్రకారం అట్ట మీద రాశాను. మొదటి వైపు 29:00. రెండో వైపు 21:30.

ఏం చేశానో అప్పుడు నాకు తెలియదు.

సిరా ఆరకముందే ఎదురు కొట్టు షట్టరు దభాలున దిగింది. వీధిలోకి బూట్లు వచ్చాయనడానికి అదే గుర్తు. అక్క వెనక మెట్ల మీదుగా సందులోకి జారిపోయింది. మావయ్య క్యాసెట్టును డెక్కులోంచి లాగి, మొదటికి చుట్టకుండానే డబ్బాలో పెట్టి మూశాడు. ఆయన తొందరపడగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఒక అధికారి, ఇద్దరు సిపాయిలు లోపలికి వచ్చారు. సైన్యాధికారిని మా ఊళ్లో బోజీ అంటారు. బల్ల మీద ఒకే ఒక్క డబ్బా ఉంది. బోజీ దాన్ని తీశాడు. తడి సిరా ఆయన బొటనవేలికి అంటింది. వేలు చూసుకున్నాడు, అట్ట చూశాడు.

"రెండు వైపులా అదే అని రాశావు. మరి అంకెలు వేరేగా ఉన్నాయేం?" అని బర్మా భాషలో అడిగాడు.

అమ్మ నేర్పిన దేవుళ్లలో ఒక్కరి పేరూ గుర్తుకు రాలేదు. ఆ గొంతు వినిపిస్తే అక్కనూ మావయ్యనూ మాత్రమే కాదు, ఆ పేర్లలోని తల్లిదండ్రులందరినీ వెతుక్కుంటూ వెళతారు.

"మా మేనకోడలు రాసింది బోజీ. లెక్కల్లో మొద్దు" అన్నాడు మావయ్య.

నన్ను ఎవరైనా అలా అనడం అదే మొదటిసారి. పౌరుషం నోటిదాకా వచ్చి ఆగింది.

"అయితే వాయించు. ఒక వైపు, తరువాత రెండో వైపు" అంటూ బోజీ ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నాడు.

"మావయ్యా..." అని తెలుగులో నోరు తెరిచానో లేదో, "బర్మాలోనే మాట్లాడండి" అన్నాడు బోజీ.

మా డెక్కుకు ఒక గుణం ఉంది. ఒక వైపు టేపు అయిపోగానే తనంతట తానే రెండో వైపుకు తిరుగుతుంది. దాన్ని కొన్నప్పుడు వీధి వీధంతా చూడటానికి వచ్చింది. మావయ్య మొదటి వైపు పెట్టి మీట నొక్కాడు. ఉరుములు మొదలయ్యాయి. ఒక సిపాయి ఉలిక్కిపడి తుపాకీ సర్దుకున్నాడు. నేను గడియారం చూసి, ఇరవై తొమ్మిది నిమిషాల గడువు ఉందని లెక్క వేసుకున్నాను.

మావయ్య డెక్కుకు వీపు తిప్పి, బోజీకి ఆ బృందం కథ చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి రికార్డు ఎలా చేసుకున్నారో, రెండోదానిలో గిటార్ల మోత ఎలా మారిందో, మూడోదానికి ఎందుకింత తొందరో, ఒక్కొక్కటీ పాఠం చెబుతున్నట్టు చెప్పాడు. మధ్యలో ఆగి, "అర్థమవుతోందా బోజీ?" అని కూడా అడిగాడు. బోజీ చిరాకుగా తల ఊపాడు. ఆ మోతలో మావయ్య సగం మాటలు ఆయనకు వినిపించనే లేదు.

అప్పుడు నా చెవికి ఒక పాట తగిలింది. అది ఎనిమిదోది. గడియారం ప్రకారం గడిచినవి పదకొండు నిమిషాలే. ఎనిమిదో పాట అప్పుడే ఎలా వస్తుంది? టేపును మొదటికి చుట్టలేదు! అరగంట టేపులో అక్క గొంతు రెండో వైపున ఇరవై ఒక్క నిమిషాలు నడిచింది కనుక, తిప్పి పెట్టేసరికి మొదటి వైపు తొమ్మిదో నిమిషం దగ్గర మొదలైంది. నాకు పద్దెనిమిది నిమిషాలు మిగిలాయనుకున్న చోట నిజానికి పది కూడా లేవు. మావయ్య ఇంకా రెండో రికార్డు గురించే చెబుతున్నాడు.

నేను లేచి డెక్కు వైపు పరుగెత్తబోయాను. మావయ్య తల తిప్పకుండానే అరచేతిని కొంచెం కిందికి దించాడు. కూర్చోమని. ఆ చేతిలో తొందర లేదు. నేను కూర్చున్నాను. ఊపిరి పీల్చి వదిలి, బడిలో ఒప్పజెప్పినట్టు బర్మా భాషలో, "మావయ్యా, ఇది ఎనిమిదో పాట" అన్నాను.

"చూశారా బోజీ, లెక్కలు రాకపోయినా పాటలు గుర్తుపడుతుంది" అన్నాడు మావయ్య. సిపాయిలు నవ్వారు. ఆయన గడియారం వైపు ఒక్కసారి చూసి, నెమ్మదిగా టీ పోసి, బోజీ ముందు పెట్టాడు. తొమ్మిదో పాట అయింది. పదోది మొదలైంది. ఆ చివరి పాట చివర మోత అంతా ఆగి, ఉత్త వాన చప్పుడు వినిపిస్తుంది. ఆ వాన రాగానే బోజీ చప్పున వీధిలోకి చూశాడు. ఎండ కాస్తోంది. సిపాయి ఒకడు గుమ్మం బయటికి చేయి చాపి, తడవని చేతిని చూసుకున్నాడు.

వాన ఆగితే ఒక నిమిషం నిశ్శబ్దం. ఆపైన అక్క.

మావయ్య వెళ్లి మీట నొక్కి ఆపాడు. వాన సగంలో తెగింది.

"ఎందుకు ఆపావు?"

"వైపు మార్చేటప్పుడు హెడ్డు తుడవాలి బోజీ. లేకపోతే టేపు నలుగుతుంది."

అది అబద్ధం కాదు. ఏ క్యాసెట్టుకైనా ఆయన అలాగే చేసేవాడు. పుల్లకు దూది చుట్టాడు. స్పిరిట్‌లో ముంచాడు. డెక్కు తలుపు తీసి హెడ్డును తుడిచాడు, రబ్బరు చక్రాన్ని తుడిచాడు. దూదిని వెలుగులో పెట్టి మురికి చూశాడు. దాన్ని పారేసి, మరో పుల్లకు దూది చుట్టాడు. స్పిరిట్ ఆరేదాకా విసనకర్రతో విసిరాడు. తరువాత క్యాసెట్టును తన చేత్తోనే తిప్పి, అక్క గొంతు ఉన్న వైపును లోపల పెట్టి, తలుపు మూసి, మీట మీద వేలు ఉంచాడు.

"ఇక రెండో వైపు బోజీ. ఇవే పది పాటలు. ఈసారి మొదటి నుంచి పెడతాను, మీరు తొలి మూడూ వినలేదు. నిజానికి మొదటిది చాలా పొడుగు..." అని, ఏదో గుర్తొచ్చినట్టు వేలు మీట మీదే ఉంచి ఆగాడు. "టీ చల్లారిపోయింది. ముందు వేడిది పోయమంటారా?"

గడియారంలో సెకన్ల ముల్లు కదులుతోంది. పదకొండు అంగలు లెక్కపెట్టాను.

బోజీ కణతలు నొక్కుకున్నాడు. "చాలు బాబాయ్, చాలు. మళ్లీ మొదటి నుంచి వినే ఓపిక మనిషన్నవాడికి ఉండదు." లేచి నా వైపు తిరిగి, "నువ్వు ఆ అంకె దిద్దు. నా కళ్ల ముందు" అన్నాడు.

కలం తీశాను. 21:30 కొట్టేసి, పక్కన 29:00 అని రాశాను. నేనూ తొందరపడలేదు. బోజీ వెళ్తూ గూట్లోంచి పాత సినిమా పాటల క్యాసెట్టు ఒకటి జేబులో వేసుకున్నాడు.

బూట్ల చప్పుడు వీధి చివర మలుపు తిరిగాక మావయ్య పీట మీద కూలబడ్డాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. నేను ఏడుస్తూ తప్పు నాదేనన్నాను.

"నీ లెక్క తప్పు కాదమ్మీ. రాసిన తావు తప్పు" అన్నాడు. మెడ తుడుచుకుంటూ, "ఆడు సూసింది క్యాసెట్టుని కాదు, నా సేతుల్ని. దాసుకున్నోడు తొందరపడతాడు. అది ఆడికి బాగా తెలుసు" అన్నాడు.

"ఆడు వాయించమంటే ఏటి సేసేవోడివి?" అని అడిగాను.

"ఏటి సేస్తాం? ఇంకోసారి హెడ్డు తుడుస్తాం" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక చాలాసేపు నవ్వాం.

క్యాసెట్టు మర్నాడు ఓడ ఎక్కింది. పేర్లు ఎక్కడికి చేరాయో, ఎవరు విన్నారో మాకు తెలియలేదు. అక్కను ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. కొన్నేళ్లకు విశ్వవిద్యాలయం తెరిచినప్పుడు వెళ్లి చదువు పూర్తి చేసింది. ఓడకు వేరే డబ్బా పెట్టి పంపాం కనుక ఆ అట్టముక్క నా దగ్గరే ఉండిపోయింది. నేను ఇన్నేళ్లలో తెలిసి రాసిన తప్పు అంకె అదొక్కటే. దాన్ని ఇంతవరకు దిద్దలేదు.

ఇప్పటికీ ప్రతిరోజూ రాస్తాను, తేదీ, వేళ, కూడికలు. రాసే ముందు మాత్రం ఇది ఎవరి కంట పడవచ్చునో ఒక క్షణం ఆలోచిస్తాను. మావయ్య పోయిన చాలా ఏళ్లకు, సైన్యం మళ్లీ వీధుల్లోకి వచ్చినప్పుడు, మా మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. తలుపు తట్టారు. నేను పొయ్యి కట్టేశాను. చేతులు కడుక్కున్నాను. తువ్వాలు తీసుకుని, ఒక్కొక్క వేలూ ఆరేదాకా తుడుచుకున్నాను. అప్పుడు వెళ్లి తలుపు తీశాను.