డెమో క్లాసులో ఆగిన పెన్నులు

ఉదయం 9.10కి అశోక్‌నగర్ హాస్టల్ నుంచి బయలుదేరాను. చిక్కడపల్లిలోని గ్రూప్స్ కోచింగ్ సెంటర్ 850 మీటర్లు. పదకొండు నిమిషాల నడక. డెమో క్లాసు పదింటికి. మిగిలిన ముప్పై తొమ్మిది నిమిషాలూ మెట్ల దగ్గర గడియారం చూస్తూ నిలబడ్డాను. నలభై నిమిషాలు భూకంపాల పాఠం చెప్పాలి. విన్నవాళ్లు చివర చీటీలు రాస్తారు. సగానికి పైగా ‘కావాలి’ అంటే అక్కడ అధ్యాపకురాలి ఉద్యోగం.

సివిల్ ఇంజినీరింగ్ చదివినదాన్ని కనుక భయాన్ని కొలతలతో అదుపు చేయవచ్చనుకున్నాను. పదకొండు రోజులు హాస్టల్ డాబా మీద నీళ్ల ట్యాంకుకు పాఠం చెప్పి, ప్రతి పేరాకూ సెకన్లు లెక్కగట్టాను. మొత్తం ముప్పై ఎనిమిది నిమిషాలు. గ్రూప్స్‌కు మూడేళ్లుగా చదువుతున్న రూమ్మేట్ ఒకసారి వింది.

“గడియారం దిక్కు చూడకక్కా. మా పెన్నుల దిక్కు చూడు. అవి ఆగినంకనే ఇంకో మాట చెప్పు.”

సెకన్లలో చెప్పని సలహా కనుక పక్కన పెట్టాను.

హాల్లో నూట ఇరవై మంది. మార్కర్ మూత రెండుసార్లు జారింది. నోరు మాత్రం ఆగలేదు. నీళ్ల ట్యాంకు నోట్సు రాసుకోదు. వీళ్లు ప్రతి మాటా రాసుకుంటారు. ఎనిమిదో నిమిషానికి పెన్నులు ఒక్కొక్కటిగా బల్లల మీదికి చేరాయి. ఆ నిశ్శబ్దానికి బెదిరి ఇంకా వేగంగా చెప్పాను. పాఠం ఇరవై మూడు నిమిషాలకే అయిపోయింది. ఇంకా పదిహేడు నిమిషాలున్నాయి. నా దగ్గర ఒక్క వాక్యం లేదు.

మూడో వరుసలో ఒకామె లేచింది. “మేడమ్, మళ్ల మొదట్నుంచి చెప్తరా? ఒక్క ముక్క రాసుకోలే.”

“భూకంపం వచ్చిపోయింది, మేం బతికినం మేడమ్,” అని వెనక నుంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది.

బల్ల వెనక్కి జరిగి మొదటి నిర్వచనం మళ్లీ చెప్పాను. ముందు వరుసలోని ఒక నీలం పెన్నునే చూస్తూ, అది ఆగేదాకా నోరు మూసుకున్నాను. ఆ కొన్ని క్షణాలు ప్రతిసారీ బావిలోకి వంగి చూస్తున్నట్టే ఉండేది. పెన్ను ఆగింది, తర్వాతి వాక్యం చెప్పాను. సమయం ముగిసేసరికి పాఠంలో మూడో వంతే అయింది. నా భయం తగ్గలేదు. వాళ్లు మాత్రం రాస్తూనే ఉన్నారు.

మేనేజరు గారు చీటీలు లెక్కపెట్టి, తలెత్తకుండానే అన్నారు: “రెండోసారి చెప్పింది మంచిగుంది మేడమ్. మొదట్నే గట్ల చెప్తే అయిపోతుండె.”

ఖర్చయినవి: డాబా మీద పదకొండు ఉదయాలు, ఒక మార్కర్. పోయినవి: ఇరవై మూడు నిమిషాలు, నూట ఇరవైలో అరవై ఏడు చీటీలు, ఉద్యోగం.