బువ్వ తినని స్టీరియో

“రెండున్నరేండ్లు నిండినాయి. పాపకు ఇంక మాటలు రావేమోనండీ.”

ఫోన్లో భర్తతో ఈ మాట అని, రమణి పాపను చంకనేసుకుని మస్తాన్ దుకాణం ముందు కారు దిగింది.

మార్కాపురం కంభం రోడ్డులో కారు స్టీరియోలు బాగుచేసే మస్తాన్‌కు ఒక్కటే జబ్బు. కుశలప్రశ్నలు వేయకుండా ఏ యంత్రాన్నీ ముట్టుకోడు. పగిలిన స్పీకరును ఓదారుస్తాడు. ఒకసారి పెళ్లికారు హారన్‌తో ఆయన చర్చలు ముగించేలోపు, పెళ్లికొడుకు ఆటోలో వెళ్లి తాళి కట్టేశాడు.

“ఏందమ్మా సంగతి?”

“ఫోను అప్‌డేట్ అయిన కాడి నుంచి ఇట్ల చేస్తాంది అన్నా. పాట పెట్టమంటే ఫోను సరేనంటాది, కార్లో చప్పుడుండదు. పాట లేకుంటే పాప గిద్దలూరు దాకా ఏడుస్తానే ఉంటాది.”

మస్తాన్ స్టీరియో వైపు వంగాడు. “బువ్వ తింటివా నాయనా?”

గొంతు మార్చి తనే జవాబిచ్చాడు. “యాడ మామా, అలిగినా.”

పాప కిలకిలా నవ్వింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన రమణికి కడుపు మండింది. ఆరు నెలలుగా బొమ్మల కార్డులు పట్టుకుని తాను గొంతు చించుకుంటుంటే మొహం తిప్పుకునే పిల్ల, ఈ మనిషి డబ్బాతో మాట్లాడుతుంటే రెప్పవేయడం లేదు.

“అలక తీరలా. స్టీరియోను ఈడనే ఉంచి రేపు రామ్మా.”

మర్నాడూ అదే మాట. మూడోనాడు, “పప్పన్నం కొంచెం తినింది గానీ, ఇంకా ముక్కు చీదుతాంది” అన్నాడు.

“యంత్రానికి అలకేంది అన్నా? సిగ్నల్ అందితే పలుకుతాది, లేకుంటే లేదు.”

“మెల్లగా అనమ్మా, ఇంటాది.”

నాలుగోనాడు మస్తాన్ స్టీరియో ముందు ఊరికే కూర్చున్నాడు. పలకరింపు లేదు. పాప ఆయన్ను చూసింది, స్టీరియోను చూసింది. ఆగలేక తనే ముందుకు వంగింది.

“బువ్వ తింతివా?”

రమణికి కళ్లలోకి వచ్చిన నీళ్లు కుళ్లుతో అక్కడే ఆగిపోయాయి. తొలిమాట అమ్మ కాదు, నాన్న కాదు. ఒక డబ్బాకు యోగక్షేమాలు.

మస్తాన్ మీట నొక్కాడు. పాట మోగింది.

“ఎప్పుడు బాగైంది అన్నా?”

“మొదటి రోజే. అప్‌డేట్‌తో ఫోన్లో పాత బ్లూటూత్ జత పోయింది, స్టీరియోలో అట్లే ఉండిపోయింది. రెండు నిమిషాల పని. పాప పెదాలు కదలడం చూసినా. మిమ్మల్ని పంపబుద్ధి కాలా.”

ఫిజిక్స్ తలదించుకుంది. రమణి మాత్రం ఉండబట్టలేక అడిగింది. “నాతో ఎందుకు పలకదు మరి?”

“ఈ నాలుగు రోజులూ చూసినా. నువ్వు పరీక్ష పెట్టినట్ల అడిగి, దాని మొహమే చూస్తా ఉంటివి. జవాబు కోసం కాచుకోవద్దమ్మా. నీ పాటికి నువ్వు మాట్లాడతా ఉండు.”

మర్నాడు పొద్దున రమణి వంటింటి తలుపు మూసి, పాపను గట్టు మీద కూర్చోబెట్టుకుని, కుక్కరును నిద్ర పట్టిందా అని అడిగింది. ఇప్పుడు తలుపు మూయడం కూడా మానేసింది.